ఉడత ముద్ర ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. పాత సైనిక వస్తువులు సేకరించడం నాకు రెండేళ్లుగా పట్టుకున్న పిచ్చి. ఇప్పటిదాకా పతకాలు, టోపీ బ్యాడ్జీలు మాత్రమే కొన్నాను. ఈమధ్య ఒకాయన జర్మన్ సైనికాధికారి డ్రెస్ డాగర్ ఒకటి చూపించారు, అదే, యూనిఫారంతో పాటు అలంకారంగా నడుముకు వేలాడదీసుకునే బాకు. రెండో ప్రపంచయుద్ధం నాటిదట. పిడి నారింజ రంగులో ఉంది, ఏనుగు దంతమని చెప్పారు. అలుగు మీద కత్తి పట్టుకుని కూర్చున్న ఉడత ముద్ర, జోలింగెన్ అనే ఊరి పేరు ఉన్నాయి. అలుగుకూ పిడికీ మధ్య ఉండే అడ్డుపట్టీ వెనకవైపు ఒక అధికారి పేరు చెక్కి ఉంది. దాన్ని ఒక అమెరికన్ సైనికుడు యుద్ధం నుంచి తెచ్చుకున్నాడని చెప్పే కాగితం కూడా ఉంది. మెరుగు అక్కడక్కడా మాసిపోయింది. కొన్నాక పాలిష్ పెట్టించుకుంటే కొత్తదానిలా అవుతుందన్నారు. ధర నా నాలుగు నెలల జీతం. వారంలో ఏ సంగతీ చెప్పాలట. ఇది అసలుదేనా? పాలిష్ పెట్టించవచ్చా? ఇంకొక మాట. దాని మీద స్వస్తిక ఉంది కదా, ఇలాంటిది ఇంట్లో ఎందుకని మా ఆవిడ అడిగింది. నాకు జవాబు తోచలేదు.

సమాధానం: ముందు ఆ వారం గడువు సంగతి. ఎనభై ఏళ్లు ఆగిన బాకు ఇంకో నెల ఆగలేదా? తొందర బాకుది కాదు, అమ్మేవాడిది. ఆ తొందరను మీరు మీ నెత్తికెత్తుకోకండి. ఈలోగా వేరేవాళ్లు కొనుక్కుపోతే పోనివ్వండి. జర్మన్ సైనికాధికారుల బాకులు వేలకు వేలు తయారయ్యాయి. ఇది పోతే ఇంకోటి దొరుకుతుంది. దొరకనిదల్లా పోయిన నాలుగు నెలల జీతమే.

ఫొటోలు లేకుండా అసలుదో కాదో నేను చెప్పలేను. కానీ మీ ఉత్తరంలోనే ఒక తమాషా ఉంది. ఏనుగు దంతం పాతబడితే పసుపు తిరుగుతుంది, గోధుమరంగుకు వస్తుంది, సన్నగా పగుళ్లిస్తుంది. పిడి అంతా ఒకే తీరున నారింజ పండు రంగులోకి మారదు. మీరు చూసింది దాదాపుగా ప్లాస్టిక్. అంటే అమ్మే ఆయనకు తెలియదు, లేదా తెలిసే చెప్పారు. విచిత్రం ఏమిటంటే, అక్కడ ఉండాల్సింది ప్లాస్టిక్కే. 1935లో జర్మన్ భూసైన్యం అధికారులకు ఈ బాకు వచ్చినప్పటి నుంచి దాని మామూలు పిడి సెల్యులాయిడ్, లేదంటే ట్రోలాన్ అనే రెజిన్ ప్లాస్టిక్. ఇవాళ దొరికేవాటిలో తెలుపు మొదలుకొని ముదురు నారింజ దాకా అన్ని రంగులూ కనిపిస్తాయి. దంతపు పిడి కావాలంటే అదనంగా డబ్బు పెట్టి ప్రత్యేకంగా చేయించుకునేవారు, అవి అరుదు. కాబట్టి ఆయన చెప్పిన తప్పు మాట బాకుకు వ్యతిరేకంగా ఏమీ చెప్పడం లేదు. ఆయన మాట ఎంతవరకు నమ్మాలో మాత్రం చెబుతోంది. మనిషిని ఒకవైపు, వస్తువును ఒకవైపు పెట్టి విడివిడిగా తూచడం ఈ సేకరణలో మొదటి పాఠం.

రెండో పాఠం దీనికంటే పెద్దది. ‘అసలుదేనా’ అని మీరు అడిగారు. డ్రెస్ డాగర్ విషయంలో ఆ ప్రశ్న సగమే. ఇది ఒక్క ముక్క కాదు. అలుగు కింది కొన, అంటే టాంగ్, పిడి గుండా పైకి వస్తుంది, దానికి మర ఉంటుంది. దాని మీద అడ్డుపట్టీ, తర్వాత పిడి ఎక్కుతాయి. చివర పైన పొమ్మెల్‌ను, అంటే పిడి తల మీది లోహపు ముక్కను, తిప్పి బిగిస్తారు. ఒర వేరు, ఒరకు వేలాడే పట్టీలు వేరు, పిడికి చుట్టే అల్యూమినియం తీగ కుచ్చు వేరు. పొమ్మెల్ విప్పితే అన్నీ ఊడి బల్ల మీద పడతాయి, మళ్లీ నిమిషంలో బిగించవచ్చు. మరి ఒక బాకు అలుగు, ఇంకో బాకు పిడి, మూడోదాని ఒర కలిపి నాలుగోదాన్ని చేయడానికి ఎంతసేపు? యుద్ధం ముగిశాక, ఈ బాకులు తయారైన జర్మన్ ఊరు జోలింగెన్‌లో మిగిలిపోయిన విడిభాగాలతో కూర్చి అమ్మినవి కూడా లోకంలో తిరుగుతున్నాయి. వాటిలో ప్రతి ముక్కా అసలుదే. బాకు మాత్రం యుద్ధాన్ని చూడలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కానీ, ఒక కత్తి పది ఒరల్లో ఇమడడం ఈ వ్యాపారంలో రోజూ జరిగే పనే.

అందుకని అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ ముక్కలన్నీ మొదటి నుంచీ కలిసి బతికాయా? ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలకు మాటతీరు కలిసినట్టు, కలిసి బతికిన ముక్కలకు అరుగుదల కలుస్తుంది. అలుగు మిలమిల మెరుస్తూ, ఒర గీతలు పడి, పిడి పగిలి ఉంటే మూడూ మూడు జీవితాలు గడిపాయన్నమాట. చేతికి తగిలే చోట, అంటే పొమ్మెల్ పైభాగం, అడ్డుపట్టీ మీది గద్ద రెక్కల ఉబ్బెత్తు, ఒర మీద యూనిఫారానికి రాసుకునే వైపు అరిగి ఉండాలి. గుంటల్లో మురికి, చిలుము మిగలాలి. నకిలీలను పాతవిగా కనిపించేలా చేసేవాళ్లు తరచూ దీన్ని తలకిందులు చేస్తారు. వస్తువంతా ఒకేలా నల్లబరిచి పైపైన తుడిచేస్తారు. అప్పుడు అరుగుదల ఎక్కడా లేకుండా మాసినట్టు మాత్రం కనిపిస్తుంది.

అలుగు, ఒర పెళ్లి నిజమైనదేనా అని చూడడానికి ఒక మంచి ఉపాయం ఉంది. సైనికాధికారుల బాకు ఒర మూతి లోపల అలుగును పట్టి ఉంచే చిన్న స్ప్రింగు రేకులు ఉంటాయి. బాకును తీసినప్పుడు, పెట్టినప్పుడు అవి అలుగు మీద సన్నటి నిలువు గీతలు గీస్తాయి. ఏళ్ల తరబడి అదే ఒరలో ఉంటే గీతలు అవే చోట్ల ముదురుతాయి. బాకును మెల్లగా లోపలికి పోనిచ్చి, ఎక్కడ రాసుకుంటోందో చూసి, బయటికి తీసి ఆ చోట గీతలున్నాయేమో చూడండి. నా దగ్గర ఒక నౌకాదళ డర్క్, అంటే నావికాధికారుల పొట్టి బాకు, ఉండేది. అలుగుకూ ఒరకూ ఏ లోపమూ లేదు, రెండూ అసలువే. ఐదేళ్లు మురిసిపోయాక ఒక పెద్దాయన వచ్చి, రెండుసార్లు లోపలికీ బయటికీ పోనిచ్చి, ‘గీతలు ఎడమవైపు ఉన్నాయి, ఒర కుడివైపు రాసుకుంటోంది’ అన్నారు. అంతే. ఆ తర్వాత దాన్ని చూసినప్పుడల్లా నాకు గీతలే కనిపించాయి.

కానీ జాగ్రత్త. ముక్కల వయసులు కలవకపోతే ప్రతిసారీ మోసమే అనుకోకండి. జర్మన్ నౌకాదళ అధికారుల బాకు చూడండి. కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, కాలంలో పొమ్మెల్ కిరీటం ఆకారంలో ఉండేది. 1918లో కైజర్ గద్దె దిగాక కిరీటానికీ కాలం చెల్లింది. తర్వాత మంటలు చిమ్మే బంతి ఆకారం వచ్చింది. 1938లో దాని స్థానంలో స్వస్తికను పట్టుకున్న గద్ద వచ్చింది. అప్పటికే బాకు ఉన్న అధికారులు కొత్తది కొనకుండా పొమ్మెల్ ఒక్కటి మార్పించుకోవచ్చు, చాలామంది అదే చేశారు. కాబట్టి 1938 గద్ద పొమ్మెల్ కింద అంతకంటే పాత అలుగు ఉండటం నిజాయితీ గల వైరుధ్యమే. అధికారులు ఈ బాకులను తమ జేబు డబ్బుతో కొనుక్కునేవారు. అందుకే ఒకే నమూనాలో ఇన్ని తేడాలు. ఏది కాలం చేసిన మార్పు, ఏది గత ఏడాది షెడ్డులో జరిగిన మార్పు అన్నది తేల్చుకోవడమే ఈ పనిలో అసలు కిక్కు.

ఇక ఆ ఉడత సంగతి. అది జోలింగెన్‌లోని కార్ల్ ఐకార్న్ కంపెనీ ముద్ర. ఆ ఊరి ముద్రలు నిజంగా ముచ్చటగా ఉంటాయి. డబ్ల్యూకేసీది రాజు తల, శిరస్త్రాణం. హోలర్‌ది థర్మామీటరు. రాబర్ట్ క్లాస్‌ది ఎదురెదురు కొంగల జంట. ప్యూమా కంపెనీది ఆ జంతువు తలే. అల్కోసోది తాసు. ఇవన్నీ నేర్చుకోండి, సరదాగానూ ఉంటుంది. కానీ ముద్రను చివరి సాక్షిగా పిలవండి, మొదటి సాక్షిగా కాదు. ప్రతి కొనుగోలుదారూ ముందు చూసేది ముద్రనే అని నకిలీ చేసేవాడికి బాగా తెలుసు, కష్టమంతా అక్కడే పడతాడు. ఐకార్న్ ఉడత కూడా ఏళ్లు గడిచేకొద్దీ రూపం మార్చుకుంది. కాబట్టి ఉడత ఉందా అని కాదు, ఈ ఉడత మిగతా బాకు వయసుకు తగిన ఉడతేనా అని చూడాలి.

ముద్రల్లో కొన్ని ఉండకూడని చోట ఉంటాయి. ఆర్‌జెడ్ఎమ్ అనే గుర్తు, దాని పక్కన ‘ఎమ్7’తో మొదలయ్యే అంకె నాజీ పార్టీ సంస్థల వస్తువులకు వేసేవి. భూసైన్యం, నౌకాదళం పార్టీ సంస్థలు కావు, అధికారుల బాకు మీద ఆ గుర్తు కనిపిస్తే అనుమానించాలి. ఇంగ్లిషులో ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఉన్నా అంతే. జర్మన్ దర్జీ కొట్లో జర్మన్ లెఫ్టినెంటుకు అమ్మిన బాకుకు ఇంగ్లిషులో ఊరు చెప్పాల్సిన పనేముంది?

నకిలీల చరిత్రలో ఒక ముద్ర మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది సైన్యానిది కాదు, పార్టీ దళమైన ఎస్ఏ వాళ్ల బాకు. 1934లో ఆ దళం అధిపతి ఎర్న్‌స్ట్ రోమ్ కొందరికి ‘హృదయపూర్వక స్నేహంతో’ అని తన సంతకంతో చెక్కిన బాకులు ఇప్పించాడు. అదే ఏడాది జూన్ చివర హిట్లర్ అతన్ని అరెస్టు చేయించి, మర్నాడు చంపించాడు. ఆ అక్షరాలను అరగదీయించాలని ఆదేశం వచ్చింది. చాలామంది అరగదీయించారు. దాంతో అక్షరాలు పూర్తిగా మిగిలినవి దొరకడం కష్టమైంది, వాటి ధర కొండెక్కింది. ధర కొండెక్కగానే అరగదీసిన అలుగుల మీద అక్షరాలు మళ్లీ మొలిచాయి! అరగదీసిన చోట అలుగు కాస్త పలచబడి, అంచుల్లోకి ఒదిగిపోతుంది. దాని మీద స్ఫుటంగా అక్షరాలు కనిపిస్తే అవి తర్వాత పుట్టినవే.

మీ బాకు అడ్డుపట్టీ వెనక చెక్కిన పేరు కూడా ఇదే జాతి సమస్య. అధికారులు అక్కడ పేరో పొడి అక్షరాలో చెక్కించుకోవడం మామూలే, కాబట్టి పేరు ఉండటం దోషం కాదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకోండి. ఆ చుట్టుపక్కల లోహం మీద పాత గీతలు తప్పకుండా ఉంటాయి. అలాంటి గీత ఒకటి అక్షరం మీదుగా పోయే చోట వెతకండి. గీత అక్షరపు గాడిలోకి దిగి, అంచును కొద్దిగా చిదిమి అవతలికి పోయి ఉంటే ముందు అక్షరం, తర్వాత గీత. అలా కాక, అక్షరపు గాడి పాత గీతను తెగ్గోసినట్టు ఉండి గీత రెండువైపులా ఆగిపోతే, గీత పడ్డాకే పేరు చెక్కారు. పాత గీతలన్నింటినీ తెగ్గోసిన పేరు కొత్త పేరు. గాడి అడుగున లోహం పచ్చిగా మెరుస్తోందా, చుట్టూ ఉన్నంత మాసి ఉందా అన్నదీ చూడండి.

కాగితం గురించి ఎక్కువ చెప్పను. అమెరికన్ సైనికులు యుద్ధంలో దొరికిన వస్తువులు ఇంటికి తెచ్చుకోవడానికి పై అధికారి సంతకంతో పత్రం తీసుకునేవారు, అలాంటి పత్రాలు నిజంగానే ఉన్నాయి. కానీ చాలా పత్రాల్లో రాసి ఉండేది ‘బాకు ఒకటి’ అని మాత్రమే. ఆ ‘ఒకటి’ మీ చేతిలోదే అని ఆ కాగితం ఎలా చెబుతుంది? పత్రం అసలుదై, బాకు నకిలీది కావచ్చు. పత్రానికి ధర కట్టదలిస్తే పత్రానికే కట్టండి, బాకు ధరలో కలపకండి.

పిడిని పరీక్షించడం తేలిక. బొటనవేలితో ఒకే చోట గట్టిగా, వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన వస్తుంది, ఎందుకంటే దాని తయారీలో కర్పూరమే కలుపుతారు. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. నిజమైన ఏనుగు దంతానికి అడ్డకోతలో వలలాగా ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నటి గీతలు కనిపిస్తాయి. దంతాన్ని అనుకరించే పాత ప్లాస్టిక్‌లో గీతలు ఉన్నా, సమాంతరంగా వరసగా ఉంటాయి. నిజమైన దంతమే దొరికితే సంబరపడకండి, తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చిన తర్వాత దంతాన్ని దేశాలు దాటించడం మీద ఆంక్షలు పెరుగుతూ వచ్చాయి. బ్రిటన్ 2018లో చేసిన దంతం చట్టం 2022లో అమల్లోకి వచ్చి, పాత వస్తువుల అమ్మకాన్ని కూడా చాలావరకు ఆపేసింది. మీరున్న చోట ఆయుధాల చట్టం ఏమంటుందో, దంతం చట్టం ఏమంటుందో కొనేముందే తెలుసుకోండి.

లోహపు ముక్కల మీద కాస్త సేపు కూర్చోండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. అడ్డుపట్టీ మీది గద్దను చూడండి. మంచి పనిలో ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తాయి, కంట్లో చుక్క కూడా స్ఫుటంగా ఉంటుంది. అసలుదాన్ని అచ్చుగా పెట్టి పోతపోసిన నకిలీలో అంచులన్నీ సబ్బు అరిగినట్టు మెత్తబడతాయి. గుంటల్లో సూదిమొనంత బుడగల గుర్తులు ఉంటాయి. కరిగించిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పోత ముక్క అసలుదానికంటే ఒక పిసరు చిన్నదిగా వస్తుంది. కొలతలు తెలిసిన అసలు ముక్క పక్కన పెట్టి కాలిపర్‌తో కొలిస్తే పట్టుబడుతుంది. అయస్కాంతం కూడా జేబులో ఉంచుకోండి. నౌకాదళ బాకుల ఒరలు సాధారణంగా బంగారు మెరుగుపెట్టిన ఇత్తడి, అయస్కాంతం పట్టదు. భూసైన్యం బాకుల ఒర ఉక్కు, పడుతుంది. ఎచింగ్, అంటే ఆమ్లంతో తినిపించి వేసిన నగిషీ, ఉన్న అలుగైతే, పాత ఆమ్లపు ఎచింగ్‌లో గుంట అడుగు సహజంగా గరుకుగా, కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది. లేజరు పనిలో భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా, వరసలు వరసలుగా యంత్రపు నడక కనిపిస్తుంది. కుచ్చును అతినీల కాంతి కింద పెడితే కొత్త దారం తెల్లగా వెలుగుతుందని చెబుతారు, నిజమే. కానీ పాత కుచ్చును ఎవరైనా డిటర్జెంటులో ఉతికి ఉంటే అదీ వెలుగుతుంది. ఆ ఒక్క పరీక్షతో ఎవరినీ ఉరితీయకండి.

ఇవన్నీ అయ్యాక పొమ్మెల్ విప్పించండి. మీరు విప్పకండి, అమ్మేవాళ్ల చేతనే మీ ముందు విప్పించండి. చేత్తో తిరగకపోతే అక్కడితో ఆపేయాలి. పట్టకారు తగిలిందంటే పొమ్మెల్ ఆకుల మీద పళ్ల గాట్లు పడతాయి, పాత సెల్యులాయిడ్ పిడి చిట్లుతుంది. ఊడివస్తే టాంగ్ మాసి, మచ్చలు పడి, పాత ఇనుములా ఉండాలి. కొత్తగా సానబట్టిన మెరుపు, కొత్త వెల్డింగు, మరల్లో మెరిసే లోహం కనిపిస్తే ప్రశ్నలు అడగండి. అలుగుకూ అడ్డుపట్టీకీ మధ్య ఉండే తోలు బిళ్ల చుట్టుపక్కల ముక్కలంత పాతదేనా, నిన్న కత్తిరించినదా చూడండి. విప్పడానికి ససేమిరా అనేవాళ్లుంటారు. కొందరు నిజంగానే పిడి పగులుతుందని భయపడతారు, అందులో తప్పులేదు. కానీ ఆ భయం ధరలో కూడా కనిపించాలి.

పాలిష్ సంగతికి వస్తే, వద్దు. నేను మొదట్లో కొన్న ఒక నౌకాదళ బాకుకు ఇత్తడి మెరుగుపెట్టే పేస్టు రాసి ఒక ఆదివారమంతా తోమాను. సాయంత్రానికి తళతళలాడింది. అంతసేపూ నేను తోమేసింది మురికిని కాదు, ఇత్తడి మీది బంగారు పూతను. గుంటల్లో మిగిలిన పూత, ఉబ్బెత్తుల మీద పచ్చి ఇత్తడి, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ అమ్మలేదు. పైగా కొన్ని రకాల అలుగుల మీద ఫ్యాక్టరీ వేసిన సన్నటి అడ్డగీతల పాలిష్ ఉంటుంది, బఫింగ్ చక్రం దాన్ని అరనిమిషంలో మాయం చేస్తుంది. సాన పట్టించడం మరీ ఘోరం. ఇవి కోయడానికి చేసినవి కావు, నడుముకు వేలాడడానికి చేసినవి. చురుగ్గా ఉన్న డ్రెస్ డాగర్ అంటే ఎవరో చెడగొట్టిన డ్రెస్ డాగర్ అనే. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, తుప్పు పాకుతుంటే కాస్త నూనె అద్ది కొన్నాళ్లు నాననివ్వండి, తర్వాత మ్యూజియాలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాయండి. ఇంతకంటే ఏం చేయాలనిపించినా చేతులు కట్టుకుని కూర్చోండి.

దాచడంలో ఒక్కటే ముఖ్యం. సెల్యులాయిడ్ ముసలిదైతే ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, పక్కనున్న లోహాన్ని అవే తినేస్తాయి. గాలాడని ప్లాస్టిక్ సంచిలో, బిగుతు డబ్బాలో పెట్టకండి. తోలు ఒరలున్న బాకులను ఒరలోనే ఏళ్ల తరబడి వదిలేయకండి, తోలు చెమ్మ పీల్చి అలుగుకు అంటిస్తుంది. వేళ్ల చెమట కూడా ఉక్కు మీద ముద్ర వేస్తుంది, గ్లవ్స్ వాడండి.

ఇక మీ ఆవిడ అడిగిన ప్రశ్న. మీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి ప్రశ్న అదే, నాకూ తేలిగ్గా జవాబు లేదు. జర్మనీలో నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం, చరిత్ర బోధన, పరిశోధన వంటివాటికి మాత్రం మినహాయింపు ఉంది. అంత లోతుగా ఆ దేశం దాన్ని పట్టించుకుంటుంటే, డబ్బు పెట్టి కొనేవాళ్లు ‘లోహం, కళ, చరిత్ర’ అని మాటలు చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చదు. ఇందాక తాసు ముద్ర ఉన్న అల్కోసో అన్నాను కదా. అది అలెగ్జాండర్ కోపెల్ పేరు కుదించి పెట్టినది. కోపెల్‌లు జోలింగెన్‌లో తరతరాలుగా ఉన్న యూదు కుటుంబం. 1930లలో నాజీలు ఆ ఫ్యాక్టరీని కుటుంబం చేతుల్లోంచి తప్పించారు. ఆ పేరే గల కుటుంబ సభ్యుడు, కంపెనీ భాగస్వామి అయిన డాక్టర్ అలెగ్జాండర్ కోపెల్‌ను 1942లో తెరీజిన్‌ష్టాట్ అనే నాజీ నిర్బంధ శిబిరానికి పంపారు, ఆయన ఆ ఏడాదే అక్కడ చనిపోయాడు. ఒకవైపు నాజీ గద్ద, రెండోవైపు ఆ కుటుంబం తాసు, రెండూ ఒకే బాకు మీద. అలాంటి బాకు నా దగ్గర ఒకటి ఉంది. గోడకు వేలాడదీయలేదు. పెట్టెలో ఉంటుంది, దానితోపాటు ఈ కథ రాసిన కాగితం ఉంటుంది. ఎవరికైనా చూపితే రెండూ కలిపి చూపిస్తాను. మీ ఆవిడ ఈ పద్ధతికి ఒప్పుకుంటే కొనండి. ఒప్పుకోకపోతే ఆమె మాట ఒక అభ్యంతరంగా కాక, ఇంట్లో ఇంకొకరి అభిప్రాయంగా వినండి. హాల్లో గోడకు అలంకారంగా పెడదామనే ఆలోచన ఉంటే మాత్రం నేనూ ఆమె పక్షమే.

అసలు మొదటి బాకుగా ఇదే ఎందుకు కొనాలి? నకిలీలు మరీ ఎక్కువగా ఉన్న చోట, ధరలు మరీ ఎక్కువగా ఉన్న చోట పాఠాలు నేర్చుకోవడం ఖరీదైన చదువు. బ్రిటిష్ నౌకాదళంలో మిడ్‌షిప్‌మన్లు, అంటే శిక్షణలో ఉన్న కుర్ర అధికారులు, ధరించిన డర్కులు చూడండి. వాటిలో కాలం స్పష్టంగా రాసి ఉంటుంది. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి, ఆరో జార్జి, రెండో ఎలిజబెత్ అని రాజచిహ్నం మారుతూ పోతుంది, దానితోపాటు కిరీటం ఆకారమూ మారుతుంది. 1901 తర్వాత రాజులంతా ట్యూడర్ కిరీటం వాడారు, ఎలిజబెత్ దాన్ని మార్చింది, 2022లో మూడో చార్లెస్ మళ్లీ ట్యూడర్ కిరీటానికే వచ్చాడు. కాబట్టి కిరీటం చూసి పాతదని మురిసిపోకుండా పక్కన అక్షరాలు కూడా చదవండి. అలుగు మీది రాజు, పిడి మీది కిరీటం ఒకే కాలం వాళ్లా కాదా అని సరిచూసుకోవడం కంటే మంచి అభ్యాసం కొత్తవాళ్లకు లేదు. సోవియట్ నౌకాదళ అధికారులకు 1940లో వచ్చిన కోర్టిక్ అనే బాకు కూడా మంచి మొదలే. యుద్ధం తర్వాతి ఉరల్స్‌లోని జ్లాటోఉస్ట్ తయారీలో చాలావాటి మీద సంవత్సరం, అంకె కొట్టి ఉంటాయి. ఏది కొన్నా, దానికి ముందు అసలువి చేత్తో పట్టుకుని చూడండి. జోలింగెన్‌లోని జర్మన్ కత్తుల మ్యూజియం, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్, గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం సేకరణల ఫొటోలనైనా గంటల కొద్దీ చూస్తూ కూర్చోండి. కన్ను ఒకసారి అసలుదానికి అలవాటు పడితే నకిలీ గద్ద కోడిపిల్లలా కనిపిస్తుంది.

ఇంత చెప్పినా ఆ ఉడత మీద మనసు పోవడం లేదంటే ఇలా చేయండి. అమ్మే ఆయనకు రాతపూర్వకంగా మూడు అడగండి. పిడి దంతం కాదని తేలితే, ముక్కలు కలవవని తేలితే నెల రోజుల్లో డబ్బు తిరిగి ఇస్తారా? పొమ్మెల్ విప్పిన ఫొటోలు ఇస్తారా? కాగితం లేకుండా బాకుకు మాత్రమే ధర ఎంత? మూడింటికీ జవాబు వస్తే, రెండువైపులా అలుగు, ముద్ర దగ్గరినుంచి, అడ్డుపట్టీ వెనక పేరు పక్కవెలుతురులో, ఒర మూతి, కుచ్చు, విప్పిన టాంగ్, ఈ ఫొటోలు నాకు పంపండి. టాంగ్ ఫొటో లేకపోతే మిగతావి పంపే శ్రమ తీసుకోకండి.